‘వలస’ నుంచి ‘పౌరుడు’ దాకా: అమెరికా పౌరశాస్త్ర భావనలకు తెలుగు పరిభాష – నెల్లూరు తీరం నేపథ్యంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా పౌరసత్వం, వలస, ప్రభుత్వ రూపాల గురించి తెలుగులో మాట్లాడేటప్పుడు వాడే పదాలు ఆ భావనలను ఎంతవరకు సరిగా అందిస్తున్నాయో ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ‘వలస’, ‘సహజీకరణ’, ‘పౌరుడు’, ‘రాష్ట్రం’, ‘గవర్నర్’ అనే పదాలను చరిత్ర, రాజ్యాంగం, చట్టాల వెలుగులో విశ్లేషిస్తుంది. నెల్లూరు తీరంలోని చిట్టమూరు ప్రాంత జీవితాన్ని ఉదాహరణకు ఆధారంగా తీసుకుంటుంది. కొన్ని పదాలు భిన్నమైన విషయాలను ఒకటిగా చూపి పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తున్నాయనీ, దస్తావేజుల భాషలోనూ పత్రికల భాషలోనూ ఉన్న కొన్ని పదాలు ఇంగ్లీషు మూలం కంటే స్పష్టంగా ఉన్నాయనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వలస, పౌరసత్వం, సహజీకరణ, కాపురస్తుడు, స్థానికత, సమాఖ్య, చిట్టమూరు, అమెరికా తెలుగువారు.

1. ఉపోద్ఘాతం:

చిట్టమూరు మండలం పులికాట్ సరస్సును ఆనుకొని ఉన్న మండలాలలో ఒకటి. వరి పొలాలు, చెరువులు, ఉప్పునీటి అంచు కలిసిన ఈ నేల 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు ఆంధ్రరాష్ట్రంలో, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. 2014 జూన్ 2న ఆ రాష్ట్రమే రెండైంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం నెల్లూరు జిల్లా నుంచి అందులోకి మారింది. పుట్టిన ఇల్లు విడవని వృద్ధుడొకరు ఇక్కడ ఉంటే, ఆయన చిరునామాలో రాష్ట్రం పేరూ జిల్లా పేరూ మారాయి, పౌరసత్వం మారలేదు. ఆయన మనుమడు అమెరికాకు వెళ్తే ఆ క్రమం తిరగబడుతుంది. మనుమడి సొంత ఊరి పేరు మారదు, పౌరసత్వం మారవచ్చు.

ఈ రెండు మార్పులనూ ఆ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగులోనే. వీసా, గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ అనే ఇంగ్లీషు మాటలు నోటికి అలవాటయ్యాయి. వాటి వెనుక ఉన్న హక్కులు, బాధ్యతలు, నష్టాలు మాత్రం తెలుగు మాటల ద్వారానే అర్థం కావాలి. ఆ మాటలు సరైనవి కాకపోతే ఆ నష్టం భాషతోనే ఆగదు. ఓటు, పొలం, పిల్లల భవిష్యత్తు వంటి విషయాలలో కుటుంబాలు తప్పు అంచనాలకు వస్తాయి. అందువల్ల ఈ పరిభాషను పరిశీలించడం అవసరం.

2. ‘వలస’ – ఒక పదం, పలు చరిత్రలు:

సి.పి. బ్రౌన్ నిఘంటువు (1852) ‘వలస’ అనే పదానికి శత్రుసైన్య భయంతో ఇల్లు విడిచి పోవడమనే అర్థాన్ని ఇచ్చింది. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊరిపేర్లు ఈ పదానికి మరో పార్శ్వాన్ని చూపుతాయి. అక్కడ ‘వలస’ కదలికను కాక, కదలి వచ్చినవారు నిలిచిన చోటును సూచిస్తుంది. పాలమూరు కూలీల ప్రయాణమూ వలసే. శీతకాలంలో పులికాట్‌కు వచ్చే రాజహంసలవీ, నేలపట్టు చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులవీ వలసలే. ఇంతవరకు పదం సహజంగానే విస్తరించింది.

చిక్కు ఆధునిక యుగంలో వచ్చింది. బ్రిటిష్ ఆధిపత్యాన్ని తెలుగు రచయితలు ‘వలస పాలన’ అన్నారు, దాని వెనుక ఉన్న సిద్ధాంతాన్ని ‘వలసవాదం’ అన్నారు. దీనితో పొట్టకూటికి ఊరు విడిచిన కూలీ, దేశాన్ని ఆక్రమించిన పాలకుడు ఒకే పదం నీడలోకి వచ్చారు. భారత చరిత్ర చదివేటప్పుడు ఈ కలగాపులగం పెద్దగా ఇబ్బంది పెట్టదు. సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది. అమెరికా చరిత్ర దగ్గరకు వచ్చేసరికి ఇది తీవ్రమైన లోపంగా మారుతుంది.

అమెరికా పౌరసత్వ పరీక్షలోని ప్రశ్నావళే ఇందుకు సాక్ష్యం. 2008 నాటి ప్రశ్నావళిలో 100 ప్రశ్నలుండేవి. అధికారి వాటిలో 10 వరకు అడిగితే 6 సరిగా చెప్పాలి. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు 128 ప్రశ్నల ప్రశ్నావళి వర్తిస్తుంది. 20 వరకు అడిగితే 12 సరిగా చెప్పాలి. 2008 ప్రశ్నావళి అమెరికా ఆది చరిత్రను మూడు వేర్వేరు ప్రశ్నలుగా విడదీసింది. ఇంగ్లండు నుంచి వచ్చి స్థావరాలు వేసుకున్నవారు ఎందుకు వచ్చారన్నది ఒకటి. యూరపువారి రాకకు ముందు అక్కడ ఎవరున్నారన్నది రెండవది. బలవంతంగా తెచ్చి బానిసలుగా అమ్మిన ప్రజలెవరన్నది మూడవది. ఈ మూడింటి మధ్య తేడాలోనే ఆ దేశ పౌరసత్వ చరిత్ర ఉంది.

‘అమెరికా వలసదారుల దేశం’ అని తెలుగులో రాసినప్పుడు ఈ మూడు తేడాలూ చెరిగిపోతాయి. స్థావరాలు వేసుకున్నవారు వచ్చింది భూమిని తమది చేసుకోవడానికి. ఆఫ్రికా ప్రజలను సంకెళ్లతో తెచ్చారు. దానిని వలస అనడం అన్యాయం. ఆదివాసులు ఎక్కడినుంచీ రాలేదు. తమ నేలమీదే పరాయివారయ్యారు. వారందరికీ పౌరసత్వాన్ని ప్రకటించిన చట్టం 1924లో గానీ రాలేదు.

నెల్లూరు తీరంలోని పాఠకుడికి ఈ చివరి తేడా కొత్తది కాదు. అంతరిక్ష కేంద్రం కోసం శ్రీహరికోటను తీసుకున్నప్పుడు అక్కడి యానాదులు నివాసాలు కోల్పోయారు. వారిని తెలుగు ‘వలసదారులు’ అనదు, ‘నిర్వాసితులు’ అంటుంది. తన ఇష్టంతో కదిలినవారికీ, కదిలించబడినవారికీ మధ్య గీత గీయగల శక్తి భాషకు ఉందని ఈ పదం నిరూపిస్తోంది. ఆ శక్తిని అమెరికా చరిత్ర రాసేటప్పుడు వాడకపోవడమే లోపం.

3. ‘సహజీకరణ’ – పదంలోని వైరుధ్యం:

పరదేశంలో పుట్టినవారు చట్టం ద్వారా పౌరులు కావడాన్ని ఇంగ్లీషులో నేచురలైజేషన్ అంటారు. దీనికి తెలుగు పాఠ్యగ్రంథాలలో ‘సహజీకరణ’, ‘సహజీకృత పౌరసత్వం’ అనే పదాలు కనిపిస్తాయి. ‘సహజ’ అంటే వ్యుత్పత్తి ప్రకారం ‘తోడుగా పుట్టినది’. పుట్టుకతో రాని పౌరసత్వానికి ‘తోడబుట్టినది’ అనే పేరు పెట్టడం విచిత్రం. మూలపదాన్ని అవయవాలుగా విడగొట్టి అనువదించినందువల్ల ఈ వైరుధ్యం ఏర్పడింది.

ఇది వ్యాకరణచర్చకే పరిమితమైన అభ్యంతరం కాదు. అమెరికా రాజ్యాంగం రెండవ అధికరణం ప్రకారం పుట్టుకతో పౌరులైనవారే అధ్యక్ష పదవికి అర్హులు. హైదరాబాదులో పుట్టి బాల్యంలోనే అమెరికా చేరిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఆ రాష్ట్రానికి గవర్నర్ కావడానికి ఆమెకు పుట్టిన చోటు అడ్డు కాదు, దేశాధ్యక్షురాలు కావడానికి మాత్రం అడ్డు. ఈ నిబంధనను ‘సహజ పౌరులే అర్హులు, సహజీకృత పౌరులు అనర్హులు’ అని రాస్తే తెలుగు పాఠకుడికి తేడా అందదు.

ఈ పదం మరొక చరిత్రను కూడా మరుగుపరుస్తుంది. పౌరసత్వం పొందడం అమెరికాలో ఎన్నడూ ‘సహజం’గా జరగలేదు. 1790 నాటి చట్టం ఆ అవకాశాన్ని స్వేచ్ఛాయుతులైన తెల్లవారికే ఇచ్చింది. 1870లో దానిని ఆఫ్రికా సంతతివారికి విస్తరించారు. 1923 ఫిబ్రవరి 19న భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ఆ చట్టం చెప్పే తెల్లవారి కోవలోకి రారని తీర్పు చెప్పింది. 1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకనే భారతీయులకు పౌరసత్వ మార్గం తెరుచుకుంది. అది కూడా ఏడాదికి సుమారు 100 మందికి ప్రవేశమిచ్చే కోటాతోనే. జాతిని బట్టి పౌరసత్వ అర్హత నిర్ణయించే పద్ధతిని 1952 చట్టం తొలగించింది. జాతీయమూల కోటాలను 1965 చట్టం రద్దు చేసింది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం సరిగ్గా ఈ కాలంలోనే నడిచింది. 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ చేరిన ఆ శాస్త్రవేత్త హార్వర్డులోనూ, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోనూ పనిచేశారు. ఆయన అమెరికాలో గడిపిన కాలంలో అధికభాగం చట్టమే పౌరసత్వానికి అడ్డుగా నిలిచింది. 1946 తరువాత దారి తెరుచుకున్నా, ఆయన పౌరుడు కాకుండానే 1948లో మరణించారు. తెలుగు వ్యాసాలలో ఆయనను ‘అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త’ అని ఒక్క మాటలో తేల్చేయడం పరిపాటి. ‘స్థిరపడటం’ అన్నది ఆయన విషయంలో చట్టపరంగా ఎంత అస్థిరమైన స్థితో ఆ వాక్యం చెప్పదు.

‘సహజీకరణ’కు బదులు ‘పౌరసత్వ స్వీకారం’, ‘స్వీకృత పౌరుడు’ అనేవి మేలైన పదాలు. దత్తస్వీకారం తెలుగు కుటుంబాలకు తెలిసిన వ్యవస్థ. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తుడికి జన్మకుటుంబంతో సంబంధాలు తెగి కొత్త కుటుంబంతో ఏర్పడతాయి. అప్పటికే సంక్రమించిన ఆస్తి మాత్రం అతనిదే. అమెరికా పౌరసత్వ ప్రమాణంలో కూడా పూర్వపు రాజ్యానికి చెందిన విధేయతను వదులుకుంటున్నట్లు చెప్పాలి. ఈ పోలికకు హద్దు ఉంది. దత్తతను పెద్దలు నిర్ణయిస్తారు. పౌరసత్వాన్ని వయోజనుడు తానే కోరుకుంటాడు. అయినా, ఒకటి పొందడానికి మరొకటి వదులుకోవాలన్న సారాంశాన్ని ‘స్వీకారం’ స్పష్టంగా సూచిస్తుంది. ‘సహజీకరణ’ దానిని దాచేస్తుంది.

4. జన్మస్థలం, జన్మకుటుంబం:

1868 నాటి 14వ సవరణ అమెరికా గడ్డమీద పుట్టి, దాని అధికార పరిధికి లోబడిన ప్రతివారినీ పౌరులుగా ప్రకటించింది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు దీనిని బలపరచింది. తల్లిదండ్రులు పౌరులు కావడానికి వీల్లేని రోజుల్లో బిడ్డ పౌరుడయ్యాడు.

భారతదేశంలో ఈ సూత్రం క్రమంగా కుంచించుకుపోయింది. 1955 పౌరసత్వ చట్టం కింద 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవారికి జన్మస్థలమే ప్రధానం. ఆ తేదీ నుంచి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి రెండవవారు అక్రమంగా ప్రవేశించినవారు కాకూడదన్న షరతు చేరింది. కనుక ‘జన్మతః పౌరసత్వం’ అనే ఒకే తెలుగు పదబంధం రెండు దేశాలలో రెండు అర్థాలను మోస్తోంది. అక్కడ అది నేలకు సంబంధించినది, ఇక్కడ అది నేలతోపాటు కుటుంబానికీ సంబంధించినది. ‘జన్మస్థల పౌరసత్వం’, ‘వంశానుగత పౌరసత్వం’ అని విడదీసి చెప్పడం ఈ గందరగోళాన్ని తగ్గిస్తుంది.

ఈ తేడా ఒకే ఇంట్లో పిల్లలను విడదీయగలదు. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది. హెచ్-1బి ఉద్యోగి కుటుంబంలో, నెల్లూరులో పుట్టి చంకబిడ్డగా వెళ్లిన పెద్దబిడ్డకు 21 ఏళ్లు నిండితే ఆశ్రిత వీసా హోదా ముగుస్తుంది. అక్కడే పుట్టిన చిన్నబిడ్డ పౌరుడు. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు, తాత్కాలిక వీసాలపై ఉన్న దంపతులకు పుట్టబోయే పిల్లలకు కూడా ఈ హక్కును నిరాకరించింది. జిల్లా న్యాయస్థానాలు దాని అమలును ఆపాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఈ వార్తను ‘వలసదారుల పిల్లలకు పౌరసత్వం లేదు’ అని రాస్తే గ్రీన్‌కార్డు ఉన్నవారు కూడా అనవసరంగా భయపడతారు. ‘శాశ్వత నివాసి’, ‘తాత్కాలిక నివాసి’ అనే విభజన ఇక్కడ ప్రాణప్రదం.

5. పౌరుడు కాని ‘పౌరుడు’:

‘పౌరుడు’ అంటే మూలార్థంలో పురానికి చెందినవాడు. చిట్టమూరు పేరులో పురం లేదు, ఊరు ఉంది. ఊరికి చెందడం, దేశానికి చెందడం ఒకటే అన్న భావన ఇక్కడి వ్యవహారంలో బలంగా ఉంటుంది. ఊరిలో ఇల్లు, పొలం, బంధువులు ఉన్నంతకాలం ‘మనవాడే’ అనుకుంటారు. చట్టం అలా అనుకోదు.

భారత రాజ్యాంగం 9వ అధికరణం, 1955 చట్టంలోని 9వ సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారు. ఈ లోటును కొంత పూడ్చడానికి 2005లో అమలులోకి వచ్చినదే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా పథకం. దీనిని ‘విదేశీ భారతీయ పౌరసత్వం’ అని తెలుగు చేస్తే, రెండు పడవల మీదా నిశ్చింతగా నిలబడవచ్చన్న భ్రమ కలుగుతుంది. ఆ కార్డు జీవితకాలం వచ్చిపోయే వీలునిస్తుంది. ఓటు హక్కు గానీ, రాజ్యాంగ పదవులకు అర్హత గానీ ఇవ్వదు.

దీని ఫలితాన్ని చిట్టమూరు నేలమీద సులభంగా గుర్తించవచ్చు. భారత పాస్‌పోర్టు నిలుపుకొని అమెరికాలో ఉన్నవారు 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20ఎ సెక్షను కింద పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న చోట ఓటరుగా నమోదు కావచ్చు. అంటే చిట్టమూరు చిరునామా ఉన్నవారు గూడూరు శాసనసభ నియోజకవర్గంలో, స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే ఆ ఓటు పోతుంది. పొలం సంగతి వేరు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో నివసించేవారు గానీ, ఓవర్సీస్ కార్డు ఉన్నవారు గానీ ఇక్కడ వ్యవసాయ భూమి కొనరాదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. తాత వరిపొలం మనుమడికి దక్కవచ్చు, దాని పక్క చెక్కను అతను కొనలేడు. ఓటు విషయంలో గీత పౌరసత్వం దగ్గర ఉంది. పొలం విషయంలో నివాసం దగ్గర ఉంది. ‘ఎన్నారై’ అనే ఒక్క మాటతో ఇద్దరినీ కలిపి పిలిచే అలవాటు ఈ రెండు గీతలనూ కనబడనివ్వదు. ‘ప్రవాస పౌరుడు’ అని పాస్‌పోర్టు నిలుపుకొన్నవారినీ, ‘భారతమూల విదేశీయుడు’ అని కార్డు ఉన్నవారినీ పేర్కొనడం కటువుగా తోచినా నిజాయితీగా ఉంటుంది.

6. రాష్ట్రం, కాపురం, స్థానికత:

14వ సవరణ ప్రకారం అమెరికా పౌరుడు దేశానికీ, తాను నివసించే రాష్ట్రానికీ కూడా పౌరుడు. భారత రాజ్యాంగం ఏకపౌరసత్వాన్ని గుర్తించింది. మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్‌లు మారినా చిట్టమూరు వృద్ధుడి పౌరసత్వం మారకపోవడానికి కారణం ఇదే. మూడవ అధికరణం కింద పార్లమెంటు రాష్ట్రాల హద్దులు మార్చగలదు. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలే గాని అంగీకారం అవసరం లేదు. అమెరికాలో ఒక రాష్ట్ర భూభాగం నుంచి కొత్త రాష్ట్రం ఏర్పడాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. రెండు చోట్లా ‘రాష్ట్రం’ అనే పదమే వాడినా, వాటి బలం వేరు.

అయితే ‘రాష్ట్ర పౌరసత్వం’ అన్న భావన తెలుగువారికి పూర్తిగా అపరిచితం కాదు. 1973 నాటి 32వ సవరణతో వచ్చిన 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ‘స్థానికత’ను స్థిరపరచాయి. వాటి కింద నెల్లూరు జిల్లా అభ్యర్థి ఉద్యోగాలకు గుంటూరు, ప్రకాశం జిల్లాలతో కలిసి మూడవ జోనుకు చెందేవాడు. చదువులో మాత్రం రాయలసీమతో కలిసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికుడు. ఇది పేరు పెట్టని ప్రాంతీయ పౌరసత్వం వంటిది. అమెరికా న్యాయవ్యవస్థ ఈ ప్రశ్నను మరో విధంగా పరిష్కరించింది. కొత్తగా వచ్చి నివసిస్తున్నవారికి సంక్షేమ సహాయం తగ్గించిన కాలిఫోర్నియా నిబంధనను 1999లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడ నిజాయితీగా నివాసం ఏర్పరచుకోవడంతోనే రాష్ట్ర పౌరసత్వం వస్తుంది. ఇక్కడ స్థానికతకు చదివిన సంవత్సరాలు, నివసించిన సంవత్సరాలు లెక్కకు వస్తాయి.

‘నివాసం’ అన్న ఈ కీలకభావానికి దస్తావేజు లేఖరుల భాషలో చక్కని పదం ఉంది. క్రయపత్రంలో ‘చిట్టమూరు గ్రామ కాపురస్తులు’ అని రాస్తారు. ఆ పదం జన్మస్థలాన్నీ జాతీయతనూ చెప్పదు. సంసారం నిలిపిన చోటును మాత్రమే చెబుతుంది. రాష్ట్ర పౌరసత్వాన్నీ, గ్రీన్‌కార్డు హోదానూ వివరించడానికి ‘కాపురస్తుడు’ ఎంతో అనువైనది. ‘శాశ్వత కాపురస్తుడు’ అంటే కాపురం ఉంది, ఓటు లేదు అన్న అర్థం వెంటనే స్ఫురిస్తుంది.

7. ప్రభుత్వ రూపాలు – తెలుగు గెలిచిన చోట్లు, ఓడిన చోట్లు:

ప్రభుత్వ రూపాల పరిభాషలో తెలుగు పత్రికలు కొన్నిచోట్ల ఇంగ్లీషును మించిన స్పష్టత సాధించాయి. ఇంగ్లీషులో రెండు దేశాల అధినేతలకూ ఒకటే పదవీనామం. తెలుగులో అమెరికాకు ‘అధ్యక్షుడు’, భారతదేశానికి ‘రాష్ట్రపతి’. మొదటివారు కార్యనిర్వాహకాధికారాన్ని స్వయంగా నిర్వహిస్తారు, చట్టసభ విశ్వాసంపై ఆధారపడరు. రెండవవారు 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకు నడుచుకుంటారు. పేర్లు వేరుకావడంవల్ల అధ్యక్ష, పార్లమెంటరీ వ్యవస్థల తేడా పదంలోనే నిలిచింది. అమెరికా విదేశాంగ శాఖాధిపతిని అక్షరానువాదంతో ‘రాష్ట్ర కార్యదర్శి’ అనకుండా ‘విదేశాంగ మంత్రి’ అనడం కూడా ఇటువంటి వివేకమే.

ఓడినచోట్లు కూడా ఉన్నాయి. భారతదేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికా రాష్ట్ర గవర్నరును ప్రజలు ఎన్నుకుంటారు. అధికారాలలో ఆయన ఇక్కడి ముఖ్యమంత్రికి దగ్గర. ‘లెఫ్టినెంట్ గవర్నర్’ అనగానే యానాం తెలుగువారికి గుర్తుకొచ్చేది పుదుచ్చేరికి కేంద్రం నియమించే అధికారి. మేరీల్యాండ్‌లో అరుణా మిల్లర్ ఎన్నికలలో నెగ్గి ఆ పదవి చేపట్టారు. ఆ తేడా చెప్పని వార్త ఆమె విజయానికి ఉన్న ప్రజాస్వామిక విలువను తగ్గిస్తుంది. అలాగే ‘కాంగ్రెస్ ఆమోదించింది’ అన్న వాక్యం తెలుగు పాఠకుడికి ముందుగా ఒక రాజకీయ పక్షాన్ని స్ఫురింపజేస్తుంది. 435 మంది ప్రతినిధులు, 100 మంది సెనేటర్లు గల ఆ సభకు ‘అమెరికా చట్టసభ’ అన్నది సరైన మాట.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ‘వలస’ వంటి విస్తృతార్థక పదాలు వేర్వేరు చరిత్రలను ఒకే గాటన కట్టాయి. స్థావరాల స్థాపన, బలవంతపు తరలింపు, నిర్వాసం, వలస అని విడదీసి రాయడం చరిత్రపట్ల న్యాయం. రెండవది, ‘సహజీకరణ’ వంటి అవయవానువాదాలు అర్థానికి అడ్డుపడుతున్నాయి. ‘పౌరసత్వ స్వీకారం’ వంటి పదాలు పొందేదాన్నీ పోగొట్టుకునేదాన్నీ కలిపి చూపుతాయి. మూడవది, సరైన పదాల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. ‘కాపురస్తుడు’, ‘నిర్వాసితుడు’, ‘స్థానికత’ వంటివి దస్తావేజులలో, పునరావాస చర్చలలో, ఉద్యోగ ప్రకటనలలో నలిగి పదునెక్కినవే.

పౌరశాస్త్రం పరీక్ష గట్టెక్కడానికి కంఠస్థం చేసే ప్రశ్నల సంపుటి కాదు. అమెరికాలో ప్రమాణం చేయబోయే మనుమడు ఏం వదులుకుంటున్నాడో చిట్టమూరులోని తాతకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి. తన ఓటు ఉంటుందా, పొలం దక్కుతుందా, పిల్లలు ఏ దేశపు బిడ్డలవుతారు అన్న ప్రశ్నలకు ఆ తెలుగు సూటిగా జవాబివ్వాలి. అటువంటి పరిభాషను సమకూర్చడం తెలుగు పాఠ్యపుస్తక రచయితలు, పాత్రికేయులు, అనువాదకులు కలిసి చేయవలసిన పని.